హాజరు పలకని చిన్నదొరసాని

పదిహేడేళ్లు నిండేదాకా ప్రమోదిని గొంతు పరాయి మగవాడి చెవిన పడలేదు. మూగదా అంటే కాదు. నత్తిదా అంటే అదీ కాదు. వంటింట్లో పిల్లిని అదిలిస్తే పెరట్లో కోళ్లు లేచేంత గొంతు. కానీ ఆ గొంతుకు వంటిల్లే హద్దు. మెట్‌పల్లి పక్క ఊళ్లో వాళ్ల గడీలో, అంటే దొరల కోటలాంటి ఇంట్లో, ముందు హాలుకూ లోపలి గదులకూ మధ్య ఒక పరదా వేలాడేది. మగవాళ్ల మాట ఆ పరదా దాటి లోపలికి రావచ్చు, ఆడవాళ్ల మాట మాత్రం బయటికి పోకూడదు. దొరసానికి ఏదన్నా చెప్పాలని ఉంటే ఆడబాప చెవిలో చెప్పాలి, ఆడబాప పరదా పక్కన నిలబడి హాలుకు వినపడేట్టు పలకాలి. ఆడబాప అంటే పెళ్లికూతురి వెంట అత్తగారింటికి పంపించే దాసీపిల్ల. ఆమె గొంతు నలుగురూ వింటే పరువు పోదట. ఆమెకు పోయేందుకు పరువంటూ లేదని ఆ పెద్దమనుషుల లెక్క. ఎంత చక్కని లెక్కో చూడండి!

ప్రమోదిని తల్లి లీలాబాయి వెంట అలా వచ్చిన ఆడబాప లస్మవ్వ. లీలాబాయి పిల్లను కని ఎక్కువకాలం బతకలేదు. పాలు పట్టింది, నీళ్లు పోసింది, జ్వరమొస్తే రాత్రంతా ఒళ్లో పెట్టుకు కూర్చుంది లస్మవ్వే. పిల్లకు చదువు చెప్పించాలని తండ్రి లింగారావుకు బుద్ధి పుట్టి ఒక ముసలి పంతులును పిలిపిస్తే, ఆ చదువు కూడా లస్మవ్వ నోటిగుండానే సాగింది. పంతులు హాలులో కూర్చుని ఎక్కం అడిగేవాడు. ప్రమోదిని లోపలి నుంచి లస్మవ్వ చెవిలో గొణిగేది. లస్మవ్వ దాన్ని హాలుకు అరిచేది. అక్షరం ముక్క రాని ఆ మనిషి నోట ఎక్కాలూ నదుల పేర్లూ ఊరేగుతుండేవి. పంతులు 'శభాష్' అంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడేది కూడా ఆవిడే. నవ్వొస్తుంది కదూ? అప్పట్లో ప్రమోదినికీ నవ్వొచ్చేది.

గడీ లోపలి గదుల్లో ఒక మేనత్త ఉండేది. పన్నెండేళ్లకు మొగుడు పోతే పుట్టింటికి వచ్చింది, మళ్లీ గడప దాటలేదు. ఆమె చెవిలో కూడా చెప్పేది కాదు. పెదవులు కదిపేది, లస్మవ్వ అర్థం చేసుకునేది. పోను పోను పెదవులు కదపడం కూడా తగ్గిపోయింది. పెట్టింది తినేది, చూపించిన చోట పడుకునేది. ప్రమోదిని చిన్నప్పుడు ఆ అత్త ఎదురుగా కూర్చుని 'అత్తా, ఒక్క మాటనవే' అని బతిమాలేది. అత్త ఉలకదు, పలకదు. ఆ ముఖం చూసినప్పుడల్లా పిల్లకు గుండెల్లో రాయి పడేది. నేనూ ఇట్లాగే అవుతానేమో అని భయం. ఆ భయం ఎవరికి చెప్పుకుంటుంది? చెప్పుకుంటే లస్మవ్వకు చెప్పుకోవాలి.

ఇంతలో కాలం తిరగబడింది. నిజాం పోయాడు, కౌలు చట్టాలు వచ్చాయి, లింగారావు భూములు సగం కోర్టులో చిక్కుకున్నాయి. వాయిదాలకు తిరగలేక కరీంనగర్‌లో కమాన్ దగ్గర ఒక ఇల్లు తీసుకుని, బిడ్డనూ లస్మవ్వనూ తెచ్చి పెట్టుకున్నాడు. ఆ ఇంట్లోనూ మొదటి రోజే పరదా కట్టించాడు. భూమి పోయినా పరదా పోలేదన్నమాట. ప్రమోదిని ఇంట్లోనే చదువుకుని మెట్రిక్ ప్రైవేటుగా రాసి పాసయింది. ఊళ్లో కాలేజీ ఉంది. పోవాలని పిల్ల ప్రాణం కొట్టుకులాడింది. ఆ మాట కూడా లస్మవ్వే పరదా పక్కన నిలబడి చెప్పింది.

"దొరా, చిన్నదొరసాని కాలేజికి వోత అంటుంది."

లింగారావు చెడ్డవాడని నేననను. బిడ్డంటే ప్రాణం. లోపలికి భోజనానికి వచ్చినప్పుడు దగ్గర కూర్చోబెట్టుకుని నేరుగానే మాట్లాడేవాడు. ఆ రోజూ అన్నం కలుపుకుంటూ అన్నాడు.

"సూడు బిడ్డా, కాలం మారింది, నేను కాదన. పియుసి ఒక్క ఏడు సదువు. పాసైతే హైద్రాబాద్‌ల ఆడిపిల్లల కాలేజిల ఏస్త, హాస్టల్ల ఉందువు. కని ఒక్కటి యాదిల పెట్టుకో. పరదా రిక్షాల వోవాలె, పరదా రిక్షాల రావాలె. నిన్ను సూశినోడు, నీ గొంతు ఇన్నోడు ఊర్ల ఒక్కడుండద్దు. జర మాట బయటికి పొక్కిందంటె మల్ల గడీకే. అర్థమైందా?"

ప్రమోదిని తల ఊపింది. హైదరాబాదు అన్న మాట తప్ప ఇంకేమీ ఆమె చెవికెక్కలేదు. గడీకి తిరిగి పోకుండా ఉండే దారి ఆ ఒక్క ఏడాదిలోనే ఉంది. పాసైతే చాలు. అంత సంతోషంలో ఆ పిల్లకు తట్టనిది ఒకటుంది. గొంతు వినపడకుండా ఇంట్లో బతకవచ్చు గానీ, కాలేజీలో బతకడం ఎట్లా?

మొదటి రోజు పెరటి గుమ్మం దగ్గర ఎక్కించుకుని మొండయ్య పరదా రిక్షా తొక్కాడు. లస్మవ్వ పిల్ల పక్కనే కూర్చుంది. పియుసి క్లాసులో ఆడపిల్లలు ఇద్దరే. ఒకరు ప్రమోదిని, రెండో పిల్ల భూలక్ష్మి, పద్మశాలీల ఇంటి పిల్ల. ఆడపిల్లలకు విడిగా ఒక గది. గంట కొట్టగానే లెక్చరర్ వచ్చి ఆ గది ముందు నిలబడి గొంతు సవరించుకుంటే, ఇద్దరూ ఆయన వెనక నడిచి క్లాసుకు పోవాలి. పాఠం కాగానే ఆయన వెనకే తిరిగి రావాలి. ఇంగ్లీషు చెప్పే శేషాచలం గారు ఏలూరు వైపు మనిషి. నెమ్మదస్తుడు, ఆడపిల్లల వైపు పొరపాటున కూడా కన్నెత్తి చూడడు. ఆ మర్యాదే ఈ పిల్ల కొంప ముంచింది.

ఆయన హాజరు పిలవడం మొదలుపెట్టాడు. అంకెలు ఇంగ్లీషులో దొర్లిపోతున్నాయి. కుర్రాళ్లు 'ప్రెజెంట్ సర్' అని టపటపా పలుకుతున్నారు. 'థర్టీ సెవెన్' అన్నాడు, భూలక్ష్మి కంగుమని పలికింది. 'థర్టీ ఎయిట్' అన్నాడు. అది ప్రమోదిని నంబరు. వెనక అరవై మంది మగపిల్లలు. నోరు తెరిచింది, గాలి తప్ప మాట రాలేదు. ఇన్నేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? తలుపు దగ్గర నిలబడ్డ లస్మవ్వ వైపు చూసి పెదవులు కదిపింది. లస్మవ్వకు అంతకన్నా ఏం కావాలి? కొంగు బిగించి హాలుకు పలికినట్టే పలికింది.

"ఉన్నది దొరా! మా చిన్నదొరసాని గిదే కూసున్నది!"

క్లాసు గొల్లున లేచింది. బెంచీలు చరిచారు, ఈలలు వేశారు. ఒకడైతే కిందపడి దొర్లాడు. శేషాచలం గారికి ఆ అరుపు ఎవరి గురించో పట్టుబడలేదు, అదిరిపడి తలుపు వైపు చూశాడు.

"ఎవరమ్మా మీరు? క్లాసులోకి ఎందుకొచ్చారు? బయటికి వెళ్లండి, గేటు దగ్గర కూర్చోండి."

లస్మవ్వకు తను చేసిన తప్పేమిటో తెలియలేదు. పిల్ల వైపు ఒకసారి చూసి, తల దించుకుని పోయింది. ఆ రోజు నుంచి శేషాచలం గారు 'థర్టీ ఎయిట్' అనడం ఆలస్యం, వెనక బెంచీల నుంచి ఎవడో ఆడగొంతు పెట్టి 'ఉన్నది దొరా' అనేవాడు. మళ్లీ నవ్వులు. నవ్వులు అణిగేసరికి ఆయన తర్వాతి నంబరుకు పోయేవాడు. హాజరు పలకని నంబరుకు లేనట్టే గుర్తు పెట్టేవాడు. ఆయన తల ఎత్తి చూస్తే కదా, ముందు బెంచీలోనే ఒక పిల్ల కండ్లనిండా నీళ్లతో కూర్చుందని తెలిసేది!

రోజూ ఇదే తంతు. పిల్ల పొద్దున లేస్తూనే ఈ రోజు ఎట్లాగైనా పలకాలనుకునేది. రిక్షాలో దారి పొడవునా ఆ రెండు ముక్కలూ లోపల అనుకుంటూ వచ్చేది. నంబరు రాగానే నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. ఇంటికి పోయి అన్నం ముందర కూర్చుంటే ముద్ద దిగదు. లస్మవ్వ బుజ్జగించి అడిగేది.

"ఏమైంది బిడ్డా? గా పోరగాండ్లు ఏమన్న అన్నరా?"

"నాకు గొంతు లేదు లస్మవ్వా. సచ్చిపోయింది."

"గట్లనకు తల్లీ. నేనుండంగ నీకు గొంతెందుకు?"

ప్రేమతో అన్న మాటే. కానీ ఆ మాట వినగానే ప్రమోదినికి గడీలో మేనత్త కండ్ల ముందు కనపడింది. అత్తకు కూడా చిన్నప్పుడు ఎవరో ఒకరు ఇదే మాట అని ఉంటారు. పిల్ల కంచం పక్కకు తోసి గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడుపు కూడా చప్పుడు లేకుండానే ఏడ్చింది, అలవాటు కదా.

చదువులో మాత్రం పిల్ల తక్కువది కాదు. పాఠాలన్నీ ఇంగ్లీషులో. మొదటి నెలంతా ఆ ఇంగ్లీషు వాన నీళ్లలాగా చెవుల పక్క నుంచి కారిపోయింది. అయినా వదల్లేదు. విన్నది విన్నట్టు రాసుకునేది, ఇంట్లో నిఘంటువు ముందేసుకుని ఒక్కో మాటా పట్టుకునేది. కార్తీకం దాటేసరికి ఆమెకు ఇంగ్లీషు అర్థం కావడమే కాదు, రుచి తెలిసింది. ఆ చలికాలంలో పెట్టిన పరీక్షలో క్లాసుకంతా ఎక్కువ మార్కులు ఆమెవే. శేషాచలం గారు పేపర్లు పంచుతూ ఆగిపోయాడు.

"ఈ థర్టీ ఎయిట్ ఎవరు? ఒక్కరోజు కూడా క్లాసుకు రాలేదు. ఈ పేపరు ఎవరు రాశారు?"

భూలక్ష్మి దిగ్గున లేచింది. "గిదే ఉన్నది సార్. దినాం అస్తుంది. మీరే సూస్తలేరు!"

ఆయన మొదటిసారి తల ఎత్తి చూశాడు. పరదా వెనక దాగి పెరిగిన తెల్లటి ముఖం, వణుకుతున్న పెదవులు. ఆయనకూ బాధేసింది, కానీ రూలు రూలే.

"చూడమ్మా, ఇంత బాగా చదువుతావు. హాజరు వందకు డెబ్బై అయిదు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. నాకేం పట్టుదల లేదు. కానీ పిలిస్తే నువ్వే పలకాలి. ఒకరి బదులు ఇంకొకరు పలికితే ఇద్దరికీ పోతుంది. పలకకపోతే నువ్వు లేనట్టే లెక్క. ప్రిన్సిపాలు గారితో చెప్పి పోయిన రోజులు ఏదో సర్దుబాటు చేయిస్తాను. ఇక మీదట మాత్రం ఒక్కరోజు తప్పినా నావల్ల కాదు."

ఇప్పుడు చూడండి ఆ పిల్ల గతి. పలకకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే గడీ. పలికితే బాపు మాట జవదాటినట్టు, ఆ సంగతి తెలిస్తే అప్పుడూ గడీయే. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. ఆడపిల్లల గదిలోకి రాగానే ప్రమోదిని బల్ల మీద తల పెట్టుకుని, ఇంక రేపటి నుంచి రానంది. భూలక్ష్మికి చర్రున కోపమొచ్చింది.

"ఓ పిల్లా, ఏడ్సుడు బంద్ జెయ్యి! సార్ గింత మంచిగ జెప్పిండు, పలుకుతె నీ సొమ్మేం వోతది?"

"నాకు రాదు భూలక్ష్మీ."

"ఎందుకు రాదు? ఇప్పుడు నాతోని మాట్లాడ్తలేవా? మా ఇంట్ల మగ్గాల సప్పుడుకు మొత్తుకుంటెనే ఇనవడ్తది. బువ్వ కావాలన్నా మొత్తుకోవాలె. మీ ఇంట్ల సప్పుడే లేకపాయె, నీకెట్ల అలవాటైతది? రా, గా గోడ కాడ నిలవడు. గోడే శేషాచలం సార్ అనుకో. బాయి కాడ ఎడ్లను అదిలిచ్చినట్టు అను!"

ప్రమోదిని ఎన్నడూ మోటబావి కాడికి పోలేదు, ఎడ్లను అదిలించలేదు. అయినా గోడ ముందు నిలబడింది. మొదటిరోజు పిల్లికూన గొంతు. భూలక్ష్మి పొట్ట పట్టుకుని నవ్వింది. మర్నాడు కొంచెం మెరుగు. భూలక్ష్మి గది ఆ కొసన నిలబడి చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని 'ఇనవడ్తలేదు, మల్ల!' అనేది. ఇది ఆట కాదు, ఆ పిల్లకు ప్రాణసంకటం. ఒక్కో అక్షరం పైకి వస్తుంటే లోపల ఏదో చిరుగుతున్నట్టుండేది. తప్పు చేస్తున్నానన్న భయం, చేయకపోతే చచ్చిపోతానన్న భయం, రెండూ కలిసి ఆమెను నమిలేశాయి.

సంక్రాంతి సెలవులు అయ్యాక ఒకరోజు శేషాచలం గారు 'థర్టీ ఎయిట్' అన్నాడు. వెనక నుంచి ఎవడో 'ఉన్నది' అని ఎత్తుకోబోయాడు. వాడి మాట సగంలో ఉండగానే ముందు బెంచీ నుంచి 'ప్రెజెంట్ సర్' అని లేచింది ఒక గొంతు. ఎంత గట్టిగా లేచిందంటే, పక్క క్లాసులో పాఠం చెబుతున్న ఆయన ఆగిపోయాడట. శేషాచలం గారు కళ్లద్దాలు సర్దుకుని నవ్వాడు.

"ఆ, ఇప్పుడున్నావమ్మా."

ప్రమోదినికి ఒళ్లు ఝల్లుమంది. పదిహేడేళ్లు ఎక్కడో తాకట్టు పెట్టిన తన మనిషిని తానే విడిపించుకున్నట్టు అనిపించింది. భూలక్ష్మి బెంచీ కింద ఆమె చెయ్యి పట్టుకుని గిల్లింది. ఇక ఆ రోజు నుంచి ఎవడూ 'ఉన్నది దొరా' అనలేదు. హాజరు ఒక్కటే కాదు, అడిగిన దానికి జవాబు చెప్పడం, లేచి పాఠం చదవడం కూడా వచ్చాయి. ఇంగ్లీషు వాక్యాలు నోట్లో నుంచి బయటికి పోయి గోడకు తగిలి తిరిగి తన చెవికే వస్తుంటే పిల్ల మురిసిపోయేది. అది తన గొంతేనా అని అనుమానమొచ్చేది.

ఈ మురిపెం గేటు దగ్గర కూర్చున్న లస్మవ్వ దాకా పోయింది. ఒకరోజు రిక్షాలో పిల్ల చెవి దగ్గరికి వంగింది.

"బిడ్డా, ఇయ్యాల నీ గొంతు గేటు కాడికి ఇనవడ్డది. మీ అమ్మ గొంతే! నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్." అంతలోనే ఆమె ముఖం వాడిపోయింది. "కని దొరకు తెల్వద్దు తల్లీ. తెలిస్తె నిన్నేమో గడీకి తోల్తడు, నన్ను యాడికి తోల్తడో. నాకీ ఇల్లు తప్ప దిక్కులేదు."

"తెల్వది లస్మవ్వా. ఎవలు జెప్తరు?" అంది ప్రమోదిని.

ఎవరూ చెప్పలేదు. మొండయ్య చెప్పలేదు, కాలేజీ పిల్లలు చెప్పలేదు. చెప్పింది ఆమె గొంతే. ఈ కథను ఇక్కడే ఆపితే నాకూ మీకూ సుఖంగా ఉండేది, కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

పెద్ద పరీక్షలు రెండు రోజుల్లో మొదలై వారంలో అయిపోతాయి. శేషాచలం గారు చివరి క్లాసులో ప్రమోదినితో పాఠమంతా చదివించి, ఫస్టు క్లాసు నీకు రాకపోతే ఇంకెవరికి వస్తుందమ్మా అన్నాడు. పిల్ల గాల్లో తేలుతూ ఇంటికొచ్చింది. ఇంట్లో హాలులో హుజూరాబాద్ వైపు నుంచి వచ్చిన రామకిషన్‌రావు దొర కూర్చుని ఉన్నాడు. లింగారావు కన్నా పెద్దవాడు, ఆ చుట్టుపక్కల గడీలన్నిటికీ ఆయన మాటంటే శాసనం. పక్కన కోర్టు వకీలు. లస్మవ్వ పెరట్లో చాయ్ కాస్తోంది. ప్రమోదిని పరదా ఇవతల పుస్తకం పట్టుకు కూర్చుంది. హాలులో మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"లింగారావూ, పోరిని కాలేజికి పంపుతున్నవట?" అన్నాడు రామకిషన్‌రావు. "ఆడిపిల్లకు ఇంగ్లీషేం సమఝైతదయ్యా? పోవుడు, కూసునుడు, వచ్చుడు. గంతే గద?"

లింగారావుకు రోషమొచ్చింది. బిడ్డ సంగతి కదా! "గట్లనకు అన్నా. మా బిడ్డె మార్కులల్ల అందరికంటె మీద ఉన్నది. నువ్వే అడిగి సూడు."

రామకిషన్‌రావు నవ్వి పరదా వైపు ముఖం పెట్టి, అక్కడ లస్మవ్వ నిలబడి ఉందనుకుని అడిగాడు. "ఏం బిడ్డా, ఏం సదువుకున్నవు ఇయ్యాల?"

లస్మవ్వ అక్కడ లేదు. పరదా ఇవతల ఉన్నది ప్రమోదిని ఒక్కతే. పొద్దుటి సంతోషం ఇంకా దిగలేదు. ఆడిపిల్లకు ఏం సమఝైతది అన్న మాట చెవిలో ముల్లులా ఉంది. ప్రశ్న వినగానే ఆమెకు క్లాసే కనపడింది గానీ పరదా కనపడలేదు. లేచి నిలబడింది. పొద్దున చదివిన పాఠం ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పింది. ఆపి, దాని అర్థం తెలుగులో చెప్పింది. ఎడ్లను అదిలించే గొంతుతో, చివరి బెంచీకి వినపడే గొంతుతో చెప్పింది.

ఒక్క క్షణం లింగారావు ముఖం వెలిగింది. ఆ సంగతి వకీలు తర్వాత నలుగురితో చెప్పాడు. తండ్రి పెదవుల మీద నవ్వు పుట్టడం తాను కండ్లారా చూశానన్నాడు. అంతలో లింగారావు రామకిషన్‌రావు వైపు చూశాడు, పుట్టిన నవ్వు అక్కడే చచ్చింది.

రామకిషన్‌రావు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. లేచి భుజం మీద కండువా సర్దుకున్నాడు.

"చాయ్ వద్దుగని, నేను వోత. మా తాతల కాలం నుంచి ఏ గడీల ఆడిగొంతు హాల్లకు రాలే. ఇయ్యాల నీ ఇంట్ల విన్న. లింగారావూ, నీ ఇల్లు బజార్ల వడ్డదయ్యా."

వకీలు కూడా చెప్పులు వేసుకున్నాడు. చాయ్ గ్లాసులు పట్టుకు వచ్చిన లస్మవ్వ, ఖాళీ కుర్చీలనూ దొర ముఖాన్నీ చూసి తలుపు దగ్గరే నిలబడిపోయింది. లింగారావు ఆమెను చూశాడు.

"కాలేజికి ఎంట వోయింది నువ్వు. కనిపెట్టుకోని ఉండుమని పంపితె గిదా నువ్వు సూశింది? నీ సంగతి తర్వాత జెప్త."

ఆ రాత్రి ఆయన భోజనానికి లోపలికి రాలేదు. ప్రమోదిని అన్నం పెట్టుకుని ఎదురుచూసింది. తిడితే పడదామనుకుంది, కొడితే కొట్టించుకుందామనుకుంది. వచ్చి ఒక మాటంటే తానూ ఒక మాట చెప్పుకోవచ్చు. ఆయన రాలేదు, కబురు వచ్చింది. పొద్దున బస్సుకు గడీకి పోవాలి, సామాను సర్దమన్నాడు దొర. ఆ కబురు తెచ్చింది లస్మవ్వే. ప్రమోదిని ఆమె చేతులు పట్టుకుంది.

"పరీక్ష ఉన్నదని చెప్పలేదా లస్మవ్వా?"

"నన్ను సూస్తెనే మండిపడుతుండు బిడ్డా. నేనేం చెప్త?"

తెల్లవార్లూ ప్రమోదిని ఆలోచించింది. రామకిషన్‌రావు మాటను మరిపించడం ఎవరి తరమూ కాదు. కానీ బాపు ముఖం వెలగడం పరదా సందులోంచి ఆమె కూడా చూసింది. ఆ వెలుగు అబద్ధం కాదు. వారం రోజులు, ఆ వారం చాలు. పరీక్ష రాసి వస్తే ఇక ఎక్కడ పడేసినా పడి ఉంటుంది. ఈ మాట ఎవరి చెవిలోనో వేస్తే పని కాదు, తానే చెప్పాలి. గోడకు చెప్పింది, శేషాచలం సారుకు చెప్పింది, అరవై మంది మగపిల్లల ముందు చెప్పింది. కన్న తండ్రికి చెప్పలేదా? ఏడాది పొడుగునా నేర్చుకున్నది ఇందుకు కాకపోతే ఇంకెందుకు?

పొద్దున వాకిట్లో పరదా రిక్షా ఆగింది. మొండయ్య ట్రంకుపెట్టె తీసుకుపోవడానికి గడపలో నిలబడ్డాడు. లింగారావు హాలులో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రాత్రి నిద్రపోయినట్టు లేడు. లస్మవ్వ పరదా పక్కన తన చోట తాను నిలబడింది.

ప్రమోదిని పరదా పక్కకు తోసి హాలులోకి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె హాలులో కాలు పెట్టడం అదే మొదలు. మొండయ్య గాభరాపడి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె తండ్రికి ఎదురుగా పోయి నిలబడింది. గొంతు వణకలేదు.

"బాపూ, నేను పరీక్ష రాస్త. ఒక్క వారం ఉందాం. రాసినంక గడీకే తోలుకపో, కాదన. నేను మంచిగ సదివిన బాపూ. నన్ను పరీక్ష రాయనియ్యి."

ఒక్కో మాటా హాలంతా వినపడింది. వీధిలో పోయేవాళ్లకూ వినపడి ఉంటుంది. ఆ ఇంట్లో వినలేదనడానికి ఎవరికీ వీల్లేదు. లింగారావు దవడ కదిలింది. ఒక చెయ్యి బిడ్డ వైపు కొద్దిగా లేచి మళ్లీ కుర్చీ మీద పడింది. ఆయన కండ్లు గడపలో ఉన్న మొండయ్య మీదికి పోయాయి, తెరిచి ఉన్న తలుపు మీదికి పోయాయి. బిడ్డ ముఖం మీదికి మాత్రం రాలేదు. నెమ్మదిగా పరదా వైపు తిరిగాడు.

"లస్మవ్వా, బిడ్డె ఏమంటుంది?"

ప్రమోదిని తండ్రిని వదిలి లస్మవ్వ వైపు తిరిగింది. ఇందాక తండ్రిని కూడా అంతగా బతిమాలలేదు. చెప్పవే, ఉన్నది ఉన్నట్టు చెప్పు, అని ఆ కండ్లు మొక్కుకుంటున్నాయి. లస్మవ్వ పిల్లను చూసింది, దొరను చూసింది. 'నీ సంగతి తర్వాత జెప్త' అన్న మాట నిన్నటి నుంచీ ఆమె నెత్తిమీదే ఉంది. ఇక్కడ కాదు పొమ్మంటే పోవడానికి ఆ ముసలిదానికి పేరుకు కూడా ఒక ఊరు లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోడకు ఆనుకుంది.

"ఏమంటలేదు దొరా," అంది. "పోదామంటుంది."

మొండయ్య వంగి ట్రంకుపెట్టె ఎత్తుకున్నాడు.